నేలకు దిగేటప్పుడు సెస్నా 172ఎస్: ఒక సమీక్ష

సొంతానికి చిన్న విమానం కొనాలనుకునేవారికైనా, పైలట్ శిక్షణకు అమెరికా వెళ్లే మన పిల్లలకైనా మొదట వినిపించే పేరు సెస్నా 172. 1956లో మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి 44,000కు పైగా తయారైన ఈ నాలుగు సీట్ల విమానానికి పొగడ్తలు కొత్త కాదు కనుక, ఈ సమీక్షను ఒక్క విషయానికే పరిమితం చేస్తున్నాను: దిగేటప్పుడు ఇది ఎలా ప్రవర్తిస్తుంది, దెబ్బ తింటే ఎక్కడ తింటుంది. ఇక్కడ చెప్పేదంతా 180 హార్స్‌పవర్ ఇంజన్ ఉన్న ‘ఎస్’ మోడల్ గురించి.

దీని మొదటి బలం నిదానం. రెక్కల వెనుక అంచున కిందికి దిగే పలకలైన ఫ్లాప్స్ పూర్తిగా దించినప్పుడు స్టాల్ వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం, సుమారు 40 నాట్లు (ఒక నాటు అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు). చిన్న రన్‌వేపై దిగడానికి మాన్యువల్ సూచించే వేగం 61 నాట్లు. సముద్రమట్టంలో, గాలి లేనప్పుడు, చక్రాలు తాకాక 575 అడుగుల్లో ఆగుతుందని అందులోని పట్టిక చెబుతుంది. ప్రధాన చక్రాలను మోసే స్ప్రింగ్ స్టీలు కాళ్లు విద్యార్థుల మొరటు దిగుళ్లను ఏళ్ల తరబడి ఓర్చుకుంటాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది స్టాల్ హెచ్చరిక. ఎడమ రెక్క ముందు అంచున ఉన్న చిన్న రంధ్రం గుండా గాలి లాగబడినప్పుడు హార్మోనియం రీడులా మోగే హారన్ అది; దానికి కరెంటు అక్కర్లేదు. ఎగరబోయే ముందు ఆ రంధ్రంపై శుభ్రమైన చేతిరుమాలు ఉంచి, నోటితో గాలి పీల్చి పరీక్షిస్తారు. స్టాల్‌కు 5 నుంచి 10 నాట్ల ముందే మోగుతుంది కాబట్టి, చక్కటి దిగుడులో చక్రాలు నేలను తాకబోయే ముందు దాని కూత వినబడుతుంది. అది వినబడకుండానే చక్రాలు తాకాయంటే వేగం ఎక్కువైందనే అనుమానించాలి.

చిక్కంతా ఈ అదనపు వేగంతోనే. భద్రంగా ఉంటుందని 61కి బదులు 70 నాట్లతో వస్తే, వేగం పెరిగింది 9 నాట్లే అయినా, చలన శక్తి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అప్పుడు విమానం దిగనని మొరాయిస్తూ రన్‌వే మీద తేలుతూ పోతుంది. ఓపిక నశించిన పైలట్ యోక్‌ను, అంటే విమానాన్ని నడిపే చేతి చక్రాన్ని, ముందుకు నెడితే ముందు చక్రం మొదట తాకుతుంది, విమానం ఎగిరిపడుతుంది, ముక్కు మళ్లీ కిందికి వాలుతుంది. ఒక్కో ఎగుడు అంతకు ముందు దానికంటే పెద్దదవుతుంది. ముందు చక్రపు కాలు ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు గోడ అయిన ఫైర్‌వాల్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఆ రేకు ముడతలు పడుతుంది. ప్రొపెల్లర్ నేలకు తగిలితే ఇంజన్‌ను విప్పి పరీక్షించాల్సి వస్తుంది. యజమానిని కుంగదీసేది ఆ ఖర్చే.

మొదటి ఎగుడులోనే పూర్తి పవర్ ఇచ్చి మళ్లీ పైకి వెళ్లడమే సరైన విరుగుడు, కానీ ఈ విమానం అక్కడ మరో పరీక్ష పెడుతుంది. దిగడానికి ట్రిమ్ చేసి (ఆ వేగంలో యోక్‌పై బలం పెట్టనక్కర్లేకుండా సర్ది), ఫ్లాప్స్ 30 డిగ్రీలకు దించి ఉన్నప్పుడు పవర్ పెంచగానే ముక్కు దానంతటదే పైకి లేస్తుంది. యోక్‌ను గట్టిగా అదిమిపట్టి, ఫ్లాప్స్‌ను వెంటనే 20కి తగ్గించి, 60 నాట్ల దగ్గర ఎక్కకపోతే నేలకు అతి దగ్గరలో స్టాల్ అయ్యే ప్రమాదం ఉంది. రేకు వంగడం డబ్బు నష్టం, ఇది ప్రాణ నష్టం. పాత మోడళ్లలో 40 డిగ్రీలుండే ఫ్లాప్స్‌ను తర్వాత 30కి కుదించడం నా దృష్టిలో మంచి నిర్ణయం.

పక్క గాలికి మాన్యువల్‌లో కనిపించే 15 నాట్లు పరీక్షల్లో నిరూపించిన అంకె మాత్రమే, నిషేధం కాదు. అయినా కొత్తవారు దాని దరిదాపులకు పోకపోవడం మేలు. చక్రాలు తాకాక కూడా, రెక్కల చివర ఉండి విమానాన్ని పక్కకు వాల్చే ఐలరాన్‌ను గాలి వైపే తిప్పి ఉంచకపోతే ఎత్తున ఉన్న రెక్క కిందికి గాలి దూరి లేపుతుంది. కొత్త విమానాల్లోని జీ1000 అనే డిజిటల్ పరికరాల తెరలు ఎంత ముచ్చటగా ఉన్నా ఆఖరి 20 అడుగుల్లో చూపు రన్‌వే చివరన ఉండాలి.

పాత 172ఎస్ కొనేవారు రంగునూ సీట్లనూ తర్వాత చూసుకోవచ్చు. ముందుగా ఇంజన్ పైమూత తీయించి ఫైర్‌వాల్ కింది భాగంలో ముడతలూ కొత్త రివెట్లూ ఉన్నాయేమో చూడాలి, లాగ్‌బుక్‌లో ప్రొపెల్లర్ మార్చిన తేదీ కనిపిస్తే దాని పక్కనే ఇంజన్ విప్పి చూసిన నమోదు ఉందో లేదో వెతకాలి, లేకపోతే బేరం అక్కడితో ఆపాలి.