కుక్కకు జబ్బు చేస్తే ముందు మా పశువుల ఆసుపత్రికే

మా ఊరి ప్రభుత్వ పశువైద్యశాల గేదెలకూ ఆవులకూ మాత్రమే అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇంట్లో కుక్కో పిల్లో ఉండి, నెల జీతం మీదో రోజు కూలి మీదో బతికే కుటుంబం ముందుగా వెళ్లవలసిన చోటు అదేనని నా గట్టి అభిప్రాయం. అక్కడ డబ్బు తక్కువ అవుతుందన్నది ఒక్కటే కారణం కాదు. అక్కడి డాక్టరమ్మ గారు జంతువును చేత్తో పట్టి చూస్తారు. ఏది అవసరమో, ఏది అక్కర్లేదో మొహం మీదే చెబుతారు. ఖర్చు తగ్గడమన్నది దాని వెనకాలే వస్తుంది.

మాది కృష్ణా జిల్లాలో చిన్న పట్టణం. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను, మా ఆయన ఆటో నడుపుతారు. మా కుక్క పేరు చుక్క. నాటు జాతి, ఒళ్లంతా నలుపు, నుదుటి మీద తెల్ల మచ్చ. 16 కిలోల బరువుంటుంది. ఆ బరువు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే కుక్కకు రాసే దాదాపు ప్రతి మందూ బరువును బట్టే. డాక్టరు దగ్గరికి వెళ్లగానే తూకం వేయకుండా మందు రాస్తున్నారంటే నేను ఆగి అడుగుతాను. మా ఆసుపత్రిలో కుక్కల తూకం మిషను లేదు. అయినా అటెండరు చుక్కను ఎత్తుకుని మామూలు కాటా మీద నిలబడి, తన బరువు అందులోంచి తీసేసి లెక్క చెబుతాడు.

ఆవరణలో పెద్ద వేపచెట్టు, దాని పక్కన పశువులను కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం ఉంటాయి. ఉదయం గేదెల వంతు ఎక్కువ. సూడి కట్టిందో లేదో చూపించుకునేవాళ్లు, పొదుగువాపు వచ్చిందని తెచ్చేవాళ్లు ముందే వచ్చి ఉంటారు. గేదెను చూసి కుక్క బెదురుతుంది, కుక్కను చూసి దూడ బెదురుతుంది. గొలుసు కురచగా పట్టుకుని గోడవారగా నిలబడితే ఇబ్బంది ఉండదు. చీటీ రాయించుకున్నాక వరసలో పిలుస్తారు. పెద్ద రైతు వచ్చాడని మన వంతు వెనక్కి నెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక అసలు సంగతి. కిందటి వర్షాకాలం చుక్క తిండి మానేసింది. పెరుగన్నం పెడితే వాసన చూసి పక్కకు వెళ్లి పడుకునేది. తెలిసినవాళ్లు చెప్పారని పక్క ఊళ్లో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లాం. బల్ల అవతల కూర్చునే ఏమైందని అడిగారు, లోపలికి తీసుకెళ్లి సెలైన్ పెట్టారు, రెండు మూడు సూదులు వేశారు. బలానికి టానిక్కు, స్నానానికి షాంపూ కూడా చేతిలో పెట్టారు. బిల్లు 2,850 రూపాయలు. వేసిన సూదుల పేర్లు ఎక్కడా రాయలేదు. ఏం జబ్బని అడిగితే ‘ఇన్ఫెక్షనమ్మా, తగ్గిపోతుంది’ అన్నారు. రెండో రోజుకు ఒళ్లు మళ్లీ కాలిపోతోంది.

అప్పుడు పశువైద్యశాలకు వెళ్లాం. మేడమ్ గారు కాగితం తీసే ముందు చుక్కను తాకారు. కింది కనురెప్పను లాగి లోపలి రంగు చూశారు. పెదవి పైకెత్తి, చిగురును బొటనవేలితో నొక్కి వదిలి, పోయిన ఎరుపు ఎంతసేపట్లో తిరిగి వస్తోందో చూశారు. దవడ కింద, ముందు కాళ్ల దగ్గర, వెనక కాళ్ల మడత వెనక గడ్డల్లాంటివి తగులుతున్నాయేమో వేళ్లతో తడిమారు. జ్వరం 104 ఉంది. ‘కుక్కకు మామూలుగానే 101, 102 ఉంటుందమ్మా, మన ఒంటి వేడితో పోల్చకూడదు’ అన్నారు. ఆ తర్వాత కాలివేళ్ల సందులు విడదీసి చూపించారు. ఆముదపు గింజల్లా ఉబ్బిన పిడుదులు అక్కడున్నాయి. చెవి మడతలోనూ ఉన్నాయి.

పిడుదుల వల్ల వచ్చే జ్వరం అయి ఉండొచ్చని, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయేమో చూడాలని చెప్పారు. ఆ పరీక్ష తమ దగ్గర లేదనీ, ఫలానా ప్రైవేటు క్లినిక్‌లో చేస్తారనీ, ఈ ఒక్కటీ చేయించుకుంటే చాలు, ఇంకేమీ ఇప్పుడు వద్దనీ చీటీ మీద రాసిచ్చారు. పరీక్షకు 600 అయింది. ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయి, ఎర్లీషియా అనే సూక్ష్మజీవి తెచ్చే జ్వరమని తేల్చారు. దానికి వాడేది డాక్సీసైక్లిన్. మనుషుల మందుల షాపుల్లో దొరికేదే. నాలుగు వారాల మందుకు 450 అయింది, పిడుదులు పోవడానికి మెడ మీద వేసే చుక్కల మందుకు 350. అన్నీ కలిపి 1,400. మూడు రోజులకే చుక్క తోక ఊపుతూ గిన్నె దగ్గరికి వచ్చింది.

మేడమ్ మందు రాసి ఊరుకోలేదు. ‘పెరుగన్నంలో కలిపి పెట్టకండమ్మా, పాలూ పెరుగూ ఈ మందును సరిగా ఒంట పట్టనివ్వవు. గుడ్డుతోనో, మామూలు అన్నంతోనో ఇవ్వండి. ఖాళీ కడుపున వద్దు’ అన్నారు. మా ఊళ్లో ఏ కుక్కకైనా మందు ఇచ్చేది పెరుగన్నంలోనే కదా. ఆ ఒక్క మాట చెప్పకపోతే 450 రూపాయల మందు కొంత వృథా అయ్యేది. తిండి తినడం మొదలుపెట్టగానే చాలామంది మాత్రలు ఆపేస్తారనీ, అలా ఆపితే జబ్బు లోపల దాక్కుని మళ్లీ తిరగబెడుతుందనీ కూడా హెచ్చరించారు.

ఇంకో మాట కూడా చెప్పారు. ఈ పిడుదులు కుక్క ఒంటి మీదే ఉండవు. రక్తం తాగాక దిగిపోయి గోడ పగుళ్లలో, గోనెపట్టాల కింద గుడ్లు పెడతాయి. కాబట్టి కుక్కకు మాత్రమే మందు వేస్తే నెల తిరక్కుండా మళ్లీ ఎక్కుతాయి. మేము చుక్క పడుకునే గోనెలు కాల్చేసి, గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చాం. గేదెలకు కొట్టే పిడుదుల మందును కొలత తెలియకుండా కుక్కకు పూసేవాళ్లు ఉన్నారు. అది ప్రాణం మీదకు తెస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే మరీ ప్రమాదం.

ఇదంతా విన్న మా పక్కింటి అత్తయ్య గారు మంచి డాక్టరును ఎలా పట్టుకోవాలని అడిగారు. నేను చూసేవి ఇవీ. జంతువును ముట్టుకుని చూస్తున్నారా? జబ్బు పేరు, మందు పేరు చదవగలిగేలా రాస్తున్నారా? ఎంత అవుతుందని ముందే అడిగితే చిరాకు పడకుండా చెబుతున్నారా? ‘ఇందులో ఇవాళే తప్పనిసరిగా కావలసింది ఏది, రెండు రోజులు ఆగి చూడగలిగింది ఏది?’ అని నేను ప్రతిసారీ అడుగుతాను. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతారు. తమకు చేతకానిదాన్ని ఇంకొకరి దగ్గరికి పంపుతారు కూడా. మా మేడమ్ రక్త పరీక్షకు ప్రైవేటుకు పంపినట్టే, గర్భసంచి తీసే ఆపరేషనుకు గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు రాసిచ్చారు. అక్కడ విద్యార్థులకు పాఠం చెబుతూ ప్రొఫెసర్లే దగ్గరుండి చూస్తారు. ఆడకుక్కకు ఆ ఆపరేషను పిల్లలు పుట్టకుండా ఉండటానికే అనుకుంటాం గానీ, చేయించని కుక్కలకు వయసు మళ్లాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంది. అప్పుడు చేసే ఆపరేషను ఖర్చూ ఎక్కువే, ప్రాణభయమూ ఎక్కువే.

డాక్టరు కాని డాక్టర్ల గురించి కూడా చెప్పాలి. సంచిలో సూదులు వేసుకుని ఇంటికొచ్చే మనుషులు మా వైపు ఉన్నారు. వంద రూపాయలకే పని అవుతుందని పిలుస్తారు. ఏం సూది వేశారో ఎవరికీ తెలియదు. పశువైద్యుడంటే ఐదున్నరేళ్ల బి.వి.ఎస్సీ. చదివి, పశువైద్య మండలిలో రిజిస్టరైన మనిషి. 1984లో వచ్చిన చట్టం ప్రకారం ఆ రిజిస్ట్రేషను ఉండి తీరాలి. చీటీ మీద, టీకా పుస్తకంలో ఆ నంబరు ఉందో లేదో చూడటం మన హక్కు. అడగడానికి మొహమాటపడకండి.

టీకాల విషయంలో ప్రభుత్వ ఆసుపత్రి మేలు అంతా ఇంతా కాదు. జూలై 6న కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున పాశ్చర్ అనే శాస్త్రవేత్త ఒక పిల్లవాడికి రేబిస్ టీకా మొదటిసారి వేయించాడు. అందుకే ఆ తేదీని పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినంగా జరుపుతారు. ఆ రోజు వరస రోడ్డు దాకా ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు ఉండదు. పైసా ఖర్చు లేకుండా దొరికే ఈ టీకాను వదులుకోకండి. వీధి కుక్కకు రోజూ అన్నం పెట్టేవాళ్లు దాన్ని కూడా తీసుకురావచ్చు, కాదనరు.

పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు వేసే కలగలుపు టీకా మాత్రం మా ఆసుపత్రిలో ఉండదు. బయట కొని తెచ్చుకోవాలి. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి కాబట్టి షాపులో ఫ్రిజ్ నుంచి తీయించి, ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని నేరుగా తీసుకెళ్తాను. ఎండలో సంచిలో వేలాడదీసుకుని తెస్తే అది టీకా కాదు, ఉత్త నీళ్లు. వేశాక సీసా మీది స్టిక్కరును పుస్తకంలో అతికించి, తేదీ వేసి సంతకం చేయమని అడగండి. కుక్కపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే అన్నిసార్లు. ఒక్కటి వేయించి మానేసిన ఇంట్లో పార్వో వచ్చి, నెత్తుటి విరేచనాలతో ఆరు వేల రూపాయలు పోయి, పిల్ల కూడా దక్కని సంగతి మా వీధిలోనే చూశాను. ఆ ఇంటి చిన్నవాడు అన్నం ముట్టకుండా ఏడ్చాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

లోపాలు లేవని నేననను. రాత్రి పూట తలుపు మూసే ఉంటుంది. ఎక్స్‌రే లేదు, స్కానింగు లేదు. గాలికుంటు టీకాల రోజుల్లో మేడమ్ పల్లెల్లో తిరుగుతూ ఉంటారు, కాబట్టి ముందుగా అటెండరుకు ఫోను చేసి వెళ్లడం మంచిది. వానొస్తే నిలబడటానికి చిన్న వసారా తప్ప ఏమీ లేదు. అన్నిటికంటే పెద్ద దిగులు బదిలీలు. మంచి డాక్టరు కుదిరారు అనుకునేలోపు వేరే ఊరు వెళ్లిపోతారు. అందుకే చుక్కకు రాసిన ప్రతి చీటీ, రక్త పరీక్ష కాగితం, టీకా పుస్తకం ఒకే కవరులో దాచాను. కొత్త డాక్టరు వస్తే మళ్లీ మొదటి నుంచి పరీక్షలు చేయించనక్కర్లేదు. 1962కు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు మన రాష్ట్రంలో 2022 నుంచి తిరుగుతున్నాయి గానీ, అవి ముఖ్యంగా పాడి పశువుల కోసం. కుక్కకు అర్ధరాత్రి ఫిట్స్ వస్తే ప్రైవేటుకే పరుగెత్తాలి. రాత్రి తెరిచి ఉండే క్లినిక్ ఏదో, దాని రుసుము ఎంతో ముందే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకున్నాం. రక్త పరీక్ష చేసిన ప్రైవేటు డాక్టరు గారు కూడా మంచివారే, లెక్క చీటీ మీద వివరంగా వేసి ఇచ్చారు.

ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక పని మాత్రం ఎప్పుడూ చేయకండి. మనం వేసుకునే నొప్పి మాత్రలు, జ్వరం మాత్రలు జంతువులకు వేయకండి. పారాసెటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఐబూప్రొఫెన్ కుక్క కడుపునూ మూత్రపిండాలనూ పాడు చేస్తుంది. డాక్సీసైక్లిన్ మనుషుల షాపులో దొరికింది కదా అని అన్నీ అలాగే అనుకోవద్దు. అది కూడా డాక్టరు బరువు చూసి రాసిందే.

నెలకు 300 రూపాయలు చుక్క పేరున పోపుల డబ్బాలో వేస్తున్నాను. జాకెట్ల డబ్బు రాగానే ముందు అది తీసి పక్కన పెడతాను. టీకాలకూ నులిపురుగుల మందుకూ అందులోంచే తీస్తాం. మిగిలింది ఆపదకు ఉంటుంది.

వెళ్లేవాళ్లకు నాలుగు సూచనలు. సోమవారం రద్దీ ఎక్కువ, వారం మధ్యలో వెళ్లండి. కరిచే అలవాటున్న కుక్కయితే మూతికి చిక్కం ఇంటి దగ్గరే కట్టి తీసుకెళ్లండి, అక్కడికెళ్లాక కట్టడం కష్టం. పిల్లిని గోనెసంచిలో కాకుండా గాలి ఆడే మూత బుట్టలో తీసుకెళ్లండి. విరేచనాల జబ్బయితే కొంచెం మలం చిన్న డబ్బాలో పట్టుకెళ్లండి, మేడమ్ గారు అక్కడే సూక్ష్మదర్శిని కింద పెట్టి పురుగుల గుడ్లు ఉన్నాయేమో చూస్తారు. దానికి డబ్బు తీసుకోరు.