పడమటి కిటికీకి వెండి పూత గాజు: ఎంవీపీ కాలనీ నుంచి నా రివ్యూ

పడమటి వైపు హాలున్న విశాఖ వాళ్లకి ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. మా ఫ్లాట్‌లో హాలు పెద్ద కిటికీకి లో-ఈ డబుల్ గ్లేజింగ్ పెట్టించాం, అంటే వేడిని ఆపే పల్చటి వెండి పూతని లోపల పెట్టి, మధ్యలో ఖాళీ వదిలి సీల్ చేసిన రెండు గాజులు. ఒక వేసవీ, ఒక వానాకాలమూ గడిచాక రాస్తున్నాను. ఖర్చు మామూలు గాజుకి మూడింతలు దాటింది. అయినా పడమటి కిటికీ వరకు మళ్లీ ఇదే పెట్టిస్తాను.

ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను కాబట్టి, లోపల ఏముందో తెలియకుండా డబ్బు కట్టబుద్ధి కాలేదు. ఇది సన్ ఫిల్మ్ లాగా అంటించేది కాదు. వాక్యూమ్ ఛాంబర్‌లో స్పటరింగ్ పద్ధతిలో, అంటే అయాన్లతో కొట్టి పదార్థం నుంచి పరమాణువుల్ని ఊడగొట్టి, గాజు మీద పొరలు వేస్తారు. అడుగున జింక్ ఆక్సైడ్ లాంటి పొర, దాని మీద సుమారు 10 నానోమీటర్ల వెండి, పైన మళ్లీ ఆక్సైడో నైట్రైడో. వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒక వంతు ఆ వెండి! ఇంత పల్చటి వెండిని నేరుగా గాజు మీద వేస్తే చుక్కలు చుక్కలుగా ముద్దకడుతుంది, జింక్ ఆక్సైడ్ మీదైతే సమంగా పరుచుకుంటుంది. వెండిలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు పరారుణ కిరణాల్ని వెనక్కి కొడతాయి. వెండి ఒక్కటే ఉంటే వెలుతురు కూడా కొంత, అద్దం మీద పడ్డట్టే, వెనక్కి తిరిగిపోయేది. అటూ ఇటూ ఉన్న పొరలు ఆ పరావర్తనాన్ని తగ్గించి వెలుతురుని లోపలికి రానిస్తాయి. నేలకి చేరే ఎండ శక్తిలో దాదాపు సగం పరారుణమే కాబట్టి, గది చీకటి పడకుండానే వేడి తగ్గుతుంది.

షాపులో చిన్న శాంపిల్ ముక్క అడిగి తెచ్చుకుని మల్టీమీటర్ పెట్టాను. పూత లేని వైపు ఏమీ చూపలేదు. పూత వైపు ప్రోబ్ మొనలతో కాస్త గట్టిగా గీసి ఆనిస్తే కొద్దిపాటి ఓమ్‌లే చూపించింది. అవతల గోడ మీది క్యాలెండర్‌లో తిథులు కూడా చదవగలిగేంత తేటగా ఉన్న గాజు కరెంటుని పోనిస్తోంది! ఇండియం టిన్ ఆక్సైడ్ పొరల మధ్య ఇలాగే వెండి పెట్టి, సోలార్ సెల్స్‌కీ డిస్‌ప్లేలకీ పారదర్శక ఎలక్ట్రోడ్లు చేస్తారు. క్లాసులో చూపించినప్పుడు పిల్లలు ఆ ముక్కని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు.

తర్వాత దాన్ని కావాలనే బాల్కనీ గట్టు మీద వదిలేశాను. వానలు పడి, సముద్రపు గాలి తగిలేసరికి పూత మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు లేచాయి. కోసిన అంచు దగ్గర మచ్చ లోపలికి పాకింది. తేమా, ఉప్పులోని క్లోరైడూ కలిస్తే వెండి నిలవదు. పై పొరలో కంటికి కనిపించని లోపం ఒక్కటి చాలు, అక్కడి నుంచి మొదలవుతుంది.

అందుకే ఒక షాపాయన "మేడమ్, ఇదే పూతతో సింగిల్ గాజు ఇస్తాం, సగం ధరలో అయిపోద్ది" అన్నప్పుడు వద్దని వచ్చేశాను. మన ఊళ్లో వెండి పూత రెండు గాజుల మధ్య సీల్ అయ్యే ఉండాలి. సింగిల్ గాజే కావాలంటే ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్‌తో చేసే గట్టి పూత రకం అడగండి. అది గాలీ తేమా తట్టుకుంటుంది కానీ వేడిని ఇంతలా ఆపదు.

ఆర్డర్ ఇచ్చేముందు అడగాల్సిన మొదటి మాట ఎడ్జ్ డిలీషన్. సీల్ చేసేముందు గాజు చుట్టూ అంచున దాదాపు సెంటీమీటరు మేర పూతని గ్రైండ్ చేసి తీసేయాలి. లేకపోతే ఆ అంచులోంచే తేమ వెండిని పట్టుకుంటుంది. మాకు గాజు దింపినప్పుడు అంచు వెంబడి తేటగా గీత కనిపించాకే బిగించనిచ్చాను. పూత బయటి గాజు లోపలి ముఖం మీద ఉండాలి. లైటర్ వెలిగించి గాజు దగ్గర పెడితే రెండు గాజుల నాలుగు ముఖాల్లో నాలుగు మంటల ప్రతిబింబాలు కనిపిస్తాయి, వాటిలో ఒకదాని రంగు తేడాగా ఉంటుంది. బయట నిలబడి చూస్తే మీ వైపు నుంచి రెండోది అలా ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన వాళ్లం కాబట్టి కొలిమిలో వేడి చేసి గట్టిపరిచిన టఫెన్డ్ గాజే అడిగాం. ఆ కొలిమిలో వేడి 600 డిగ్రీలు దాటుతుంది, మామూలు వెండి పూత పాడవుతుంది. టఫెనింగ్ తట్టుకునే రకమేనా అని కనుక్కోండి.

ఫలితం అంటారా? మధ్యాహ్నం మూడింటికి సోఫా చేతి మీద చెయ్యి పెడితే ఇదివరకు చురుక్కుమనేది, ఇప్పుడు గోరువెచ్చగా ఉంటోంది. 22లో పెట్టే ఏసీ 26లో సరిపోతోంది. కర్టెన్లు తీసే ఉంచుతున్నాం, పడమటి మబ్బులు కూడా ఎప్పటిలాగే తేటగా కనిపిస్తున్నాయి.

ఒక్క ఇబ్బంది, కిటికీ మూస్తే హాల్లో ఫోన్ సిగ్నల్ తగ్గింది. వెండి పొర రేడియో తరంగాలకీ అడ్డమే మరి. వైఫై కాలింగ్ పెట్టుకున్నాం. సముద్రపు గాలి కోసం రోజంతా తెరిచి ఉంచే తూర్పు కిటికీలకి మాత్రం ఈ ఖర్చు పెట్టకండి, అక్కడ మామూలు గాజే చాలు. రెండు గాజుల మధ్య మంచు పట్టినట్టయితే యూనిట్ మొత్తం మారుస్తామని బిల్లు మీదే రాయించుకోండి. మేం పదేళ్లకి రాయించుకున్నాం.