చంపి కొలవడమా, కొలిచి వదిలేయడమా?

చెర్నోబిల్ అడవిలో పొద్దున్నే బోను తెరిస్తే ఇరవై గ్రాముల వోల్ ఒకటి మూలకు నక్కి ఉంటుంది. పొట్టి తోక, ఎర్రటి గోధుమరంగు వీపు ఉన్న చిన్న ఎలుక. దాని ఒంట్లో సీసియం, స్ట్రాన్షియం అనే రేడియోధార్మిక మూలకాలు ఎంతున్నాయో తేల్చాలి. రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ దగ్గర పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. 1986 ఏప్రిల్ 26న అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం తర్వాత అక్కడ నేలే రేడియేషన్ వదులుతోంది. మీటరులో కనిపించే అంకె నేలదో, ఎలుకదో ఎలా తెలుస్తుంది?

అసలు ఎలుక జోలికే పోకుండా మట్టి నుంచి లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. మట్టిలో కిలోకు ఎన్ని బెక్వెరెల్స్ (సెకనుకు ఒక అణు విచ్ఛిన్నం ఒక బెక్వెరెల్) ఉన్నాయో చూసి, మట్టిలో ఉన్నదానికి ఆ జాతి ఒంట్లో చేరేదానికి తెలిసిన నిష్పత్తితో గుణించడమే. యూరప్‌లో తయారైన ఎరికా అనే సాఫ్ట్‌వేర్ ఈ తరహా లెక్కే చేస్తుంది. డోసు, అంటే ఒళ్లు పీల్చుకునే రేడియేషన్ శక్తి, గంటకు 10 మైక్రోగ్రేల (దాని కొలమానం) లోపు వస్తే సాధారణంగా అక్కడితో ఆపేయొచ్చు. చౌక, త్వరగా అయిపోతుంది. కానీ చెర్నోబిల్‌లో రియాక్టర్ ఇంధన రేణువులు ఎవరో చల్లినట్టు పడ్డాయి, నాలుగడుగులు జరిగితే మట్టి అంకె మారిపోతుంది. పైగా పుట్టగొడుగులు తిన్న ఎలుకకీ గింజలు తిన్న ఎలుకకీ పొంతనే ఉండదు. సమస్య ఉందా లేదా అని జల్లెడ పట్టడం వరకే ఈ పద్ధతిని నమ్ముతాను.

ఇక ఎలుకను చంపి ల్యాబ్‌కు పంపడం. కండ, ఎముక విడదీసి కొలవొచ్చు. సీసియం పొటాషియంలా కండల్లోకి వెళ్తుంది, స్ట్రాన్షియం కాల్షియంలా ఎముకలో కూర్చుంటుంది, రెండూ విడిగా దొరుకుతాయి. స్ట్రాన్షియం-90 గామా కిరణాలు వదలదు కాబట్టి ఎముకను బూడిద చేసి, ఆమ్లంలో కరిగించి, రసాయనికంగా వేరుచేయాలి. దాని నుంచి పుట్టే యిట్రియం-90 మళ్లీ పేరుకోవడానికి సుమారు రెండు వారాలు ఆగాలి. అంకె గట్టిగా వస్తుంది, కాదనను. కానీ ఒక ఎలుక, ఒక అంకె, అంతే. వచ్చే నెల అదే ఎలుక ఎలా ఉందో చూద్దామంటే ఎలుకే లేదు.

నా ఓటు మూడోదానికి. ఎలుకను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చుట్టూ సీసం ఇటుకలు పేర్చిన డిటెక్టర్ కింద కాసేపు ఉంచుతారు. సీసియం-137 గామా కిరణం 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరంలా లేస్తుంది. ఖాళీ డబ్బా రీడింగు తీసేస్తే మిగిలింది ఎలుకదే. స్ట్రాన్షియం సంగతేమిటంటారా? ఇక్కడ ఎలుక చిన్నగా ఉండటమే కలిసొస్తుంది. యిట్రియం-90 వదిలే బీటా కణాల్లో (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు) బలమైనవి ఒంట్లో సెంటీమీటరు దాకా దూసుకుపోగలవు. వోల్ ఒళ్లు అంతకన్నా మరీ మందమేం కాదు, కాబట్టి చెప్పుకోదగినన్ని కణాలు బయటికొచ్చి పలచని బీటా డిటెక్టర్‌కు చిక్కుతాయి. అడవిపందిలో ఈ ఎత్తు పారదు.

సీసియం ఒక్కటే చూసి ఊరుకుంటే ఏమవుతుందో ఓ లెక్క చూడండి. ఇరవై గ్రాముల ఎలుకలో 2,000 బెక్వెరెల్స్ సీసియం ఉంటే కిలోకు లక్ష. దాని బీటా శక్తి నుంచి ఒంటికి అందే డోసు గంటకు దాదాపు 14 మైక్రోగ్రేలు, అంటే ఆ పది గీతను దాటేసినట్టే. అంతే బెక్వెరెల్స్ స్ట్రాన్షియం, యిట్రియం జంట అయితే వెలువడే శక్తి నాలుగు రెట్లకు పైనే. కొంత బయటికి పోయినా మిగిలేది తక్కువేం కాదు.

బతికున్నదాన్ని కొలవడంలో చిక్కులూ ఉన్నాయి. బొచ్చుకు అంటిన బురద కూడా లెక్కలోకి వస్తుంది, ఎలుక డబ్బాలో అటూ ఇటూ తిరుగుతుంది. అందుకే బోనులో చనిపోయినవాటిని ల్యాబ్‌లో కొలిచి, డిటెక్టర్ అంకెతో సరిచూసుకోవాలి. ఎలుక ఒంట్లో సీసియం సగానికి తగ్గడానికి కొన్ని రోజులే పడుతుంది. కాబట్టి ఈ వారం రీడింగును ఏడాదంతటికీ వర్తింపజేస్తే తప్పు.

పక్షులు వేరే కథ. వోల్ పుట్టిన చోటి దగ్గర్లోనే బతుకుతుంది, వానకోవిల యూరప్‌లో గూడు కట్టి చలికాలానికి ఆఫ్రికా వెళ్తుంది. ఎదిగిన పక్షి ఎముకలో స్ట్రాన్షియం ఏ చోటిదో చెప్పడం కష్టం. గూటి పిల్లల విషయంలో ఆ అనుమానం చాలా తక్కువ, ఎందుకంటే వాటి ఒళ్లంతా తల్లిదండ్రులు చుట్టుపక్కల నుంచి తెచ్చిన మేతతో పెరిగిందే. ఇంకా తేలికైనది, పిల్లలు బయటికొచ్చాక మిగిలే గుడ్డు పెంకు. కాల్షియంతో పాటు స్ట్రాన్షియం అందులోకి చేరుతుంది, ఏరుకుంటే ఏ పిట్టకీ నష్టం లేదు. కండలో సీసియం సంగతి మాత్రం పెంకు చెప్పదు.

ఇవన్నీ ఒంటి లోపలి లెక్కలు. బయటి నుంచి పడే డోసుకు ఎలుక మెడకు డోసు కొలిచే చిన్న డోసిమీటర్ కట్టి వదలాలి. దాన్ని చదవాలంటే అదే ఎలుక మళ్లీ బోనులో పడాలి, అప్పటికి కాలర్ మెడకే ఉండాలి.