చబ్ చేపకి వై నదా, స్టౌర్ నదా? టికెట్లు, బస, ఎర గురించి

ఇంగ్లండ్‌లో ఉంటూ గాలం వేసే మనవాళ్ళు చలికాలంలో చబ్ కోసం ఎక్కడికెళ్ళాలని అడుగుతుంటారు కదా, మేం ఈసారి హెర్‌ఫర్డ్ దగ్గర వై నదికీ, బోర్న్‌మత్ పక్కన త్రూప్ దగ్గర డోర్సెట్ స్టౌర్‌కీ రెండిటికీ వెళ్ళొచ్చాం.

నా ఓటు వైకే. ఫిషింగ్ పాస్‌పోర్ట్ వెబ్‌సైట్‌లో బీట్ (గాలం వేసుకోడానికి విడిగా ఇచ్చే నది ముక్క) చూసుకుని ముందే బుక్ చేసుకోవచ్చు, ఒక్కో బీట్‌కి కొద్దిమందినే రానిస్తారు, అందుకని ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది, చబ్‌కి అదే ముఖ్యం, మన అడుగుల అదురు తెలిసినా, నీళ్ళ మీద నీడ పడినా కొమ్మల కిందకి దూరిపోయి మళ్ళీ బయటికి రాదు. కాకపోతే వేల్స్ కొండల్లో గట్టిగా వానపడితే ఇక్కడ నీళ్ళు ఎర్రగా పొంగుతాయి, డబ్బులు కట్టేముందు గవర్నమెంట్ సైట్‌లో నీటిమట్టం చూసుకోండి. స్టౌర్‌లో చేపలు పెద్దవే, కానీ మేం వెళ్ళినప్పుడు జనం ఎక్కువ.

హెర్‌ఫర్డ్‌లో మేం దిగిన బీ అండ్ బీ (ఇంట్లోనే బస, టిఫిన్ ఇచ్చే చోటు) ఆవిడ ఎర పెట్టుకోడానికి ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసిచ్చింది, తెల్లారకముందే ఫ్లాస్కులో టీ కూడా. బోర్న్‌మత్ హోటల్లో పొద్దున్నే టిఫిన్ ఇస్తామని చెప్పి ఇవ్వలేదు, పార్కింగ్‌కి మళ్ళీ వేరే బిల్లు.

ఎర విషయానికొస్తే షాపువాళ్ళు పెల్లెట్లు (చేపమేత గుళికలు), బాయిలీలు (ఉడికించిన పిండి ఉండలు) చూపిస్తారు, చలికి నేనైతే చీజ్ పేస్టే అంటాను. చెడ్డార్ తురిమి, కాస్త బ్లూ చీజ్ నలిపి, షార్ట్‌క్రస్ట్ పేస్ట్రీ (వెన్న కలిపిన మైదా పిండి) ముద్దలో బాగా పిసకాలి. ఉత్త చీజ్ అయితే చల్లనీళ్ళలో గట్టిపడి గాలం ముల్లు చేపకి దిగదు, పేస్ట్రీ కలిపితే మెత్తగా ఉంటుంది. ఉసిరికాయంత ముద్ద పెట్టండి, చబ్ నోరు చాలా పెద్దది. నానబెట్టిన బ్రెడ్ నాలుగైదు చోట్ల గుప్పెడేసి చల్లుకుంటూ పోయి, మళ్ళీ మొదటి చోటుకొచ్చి గాలం వెయ్యండి. ఒకటి పడ్డాక అక్కడే కూర్చోకండి, మిగతావి బెదిరిపోతాయి, ముందుకి కదలండి. ఎండాకాలం అయితే ఎర్రలు (వానపాములు), స్లగ్‌లు (గుల్ల లేని నత్తలు), నీళ్ళ మీద తేలే బ్రెడ్ క్రస్ట్ బాగా పనిచేస్తాయి.

గాలం వెయ్యడానికి రాడ్ లైసెన్స్ తప్పనిసరి, మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో పట్టకూడదు. 20 సెంటీమీటర్లు దాటిన చబ్‌ని నీళ్ళలోకి వదిలెయ్యాల్సిందే, కూరకి ఆశపెట్టుకోవద్దు. ముల్లు తీసేటప్పుడు మాత్రం వేలు లోపలికి పెట్టకండి, పెదాల దగ్గర పళ్ళుండవు గానీ గొంతులో ఉంటాయి, బాగా బలమైనవి, ఫోర్సెప్స్ (సన్న పటకారు) దగ్గర పెట్టుకోండి.