ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో బసలు, భోజనాలు, ఖర్చులు

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ ప్యాకేజీలు చూసేటప్పుడు అందరి కళ్లూ ముందు ధర మీదకే పోతాయి. నేనైతే ముందు రోజులు లెక్కపెట్టమంటాను. చవక ప్యాకేజీలో ముందుగా కోత పడేది దారిలోని నామ్చే బజార్, డింగ్‌బోచే ఊళ్లలో శరీరం ఎత్తుకి అలవాటుపడేందుకు ఆగాల్సిన విశ్రాంతి రోజులకే. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ మధ్య పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదని ఎత్తు జబ్బులు చూసే వైద్యులు చెబుతారు. అది పాటించని ప్యాకేజీ ఎంత చవకైనా వద్దు.

నడక మొదలయ్యే ఊరు లుక్లాకి వెళ్లే విమానం సంగతి కూడా అంతే. అక్కడి రన్‌వే పొడవు 527 మీటర్లు, ఒక కొసన కొండ, రెండో కొసన లోయ. మబ్బు కమ్మితే ఆ రోజుకి అంతే. రద్దీ నెలల్లో చాలా విమానాలు కాఠ్మండు నుంచి కాకుండా రామెచ్ఛాప్ నుంచి ఎగురుతాయి. అక్కడికి నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం, అదీ అర్ధరాత్రి దాటాక బయల్దేరాలి. తిరుగు ప్రయాణానికి కనీసం రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. మాతో లుక్లాలో ఎదురుచూసినవాళ్లలో మర్నాడే ఢిల్లీ విమానం ఉన్నవాళ్ల టెన్షన్ చూస్తే జాలేసింది.

మనవాళ్లకు వీసా అక్కర్లేదు గానీ ఆధార్ కార్డు పనికిరాదు. పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు తీసుకెళ్లాలి. ఈ దారి సాగే సాగర్‌మాథా నేషనల్ పార్క్ ప్రవేశ రుసుము మనతో సహా సార్క్ దేశాలవాళ్లకు 1,500 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకు 3,000. మన వంద వాళ్లకు 160 కాబట్టి పెద్ద భారమేమీ కాదు.

నామ్చే (3,440 మీటర్లు) చేరేముందు ఎక్కుడు మోకాళ్లను బాగా పరీక్షిస్తుంది. ఊళ్లో మందుల షాపులు, బేకరీలు, ఏటీఎంలు, బూట్ల నుంచి స్లీపింగ్ బ్యాగ్ దాకా అమ్మే దుకాణాలు అన్నీ ఉన్నాయి. వేడినీళ్ల స్నానం మనసారా చేయాలంటే ఇక్కడే. పైకి పోయేకొద్దీ స్నానానికి, ఫోన్ ఛార్జింగ్‌కి, వైఫైకి, చివరికి తాగే నీళ్లకి కూడా విడివిడిగా డబ్బు కట్టాలి, ప్రతి ఊరికీ ధర పెరుగుతుంది.

నా ఓటు మాత్రం ఖుమ్‌జుంగ్‌కే. నామ్చేకి పైన 3,790 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చాలామంది విశ్రాంతి రోజున అలా వెళ్లి చూసి దిగిపోతారు. నామ్చేలో రెండు రాత్రులు గడిపాక ఇక్కడ మరో రాత్రి ఉంటే శరీరానికీ మంచిది, మనసుకీ మంచిది. ఆకుపచ్చ రేకు కప్పుల ఇళ్లు, రాళ్లు పేర్చిన గోడల మధ్య ఆలుగడ్డ చేలు, 1961లో ఎడ్మండ్ హిల్లరీ పూనికతో మొదలైన బడి, ఎదురుగా అమా దబ్లామ్ శిఖరం. మేము దిగిన లాడ్జిలో ఇంటావిడ తురిమిన ఆలుగడ్డలతో అట్లు పోసి, వెన్న, కారం పచ్చడి వేసి పెట్టింది. ఆ దారి మొత్తంలో అంత కమ్మని తిండి నేను మళ్లీ తినలేదు.

తిండి విషయంలో దాల్ భాత్‌ని మించింది లేదు. అన్నం, పప్పు, కూర అడిగినంత మళ్లీ వడ్డిస్తారు. నీళ్లు బేస్ క్యాంప్‌కి ముందు ఆఖరి బస అయిన గోరక్ షెప్‌లో 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. మాంసం మాత్రం మానేయండి. ఖుంబులో, అంటే ఈ ఎవరెస్ట్ ప్రాంతంలో, జంతువులను చంపరు, అదంతా కింది ఊళ్ల నుంచి రోజుల తరబడి మోసుకొచ్చేదే. ఇంటి నుంచి కరివేపాకు పొడి, ఆవకాయ పట్టుకెళ్తే నోరు చచ్చిన పూట ప్రాణం లేచొస్తుంది.

ఇంకా ముందుకెళ్తే వచ్చే తెంగ్‌బోచే బౌద్ధ ఆరామం తప్పక చూడాలి. 1934 భూకంపంలో కూలి, 1989లో కాలిపోయి, మళ్లీ లేచిన గోంపా. లామాల సాయంకాలపు ప్రార్థన కుదిరితే కూర్చుని వినండి. బస మాత్రం అక్కడ వద్దు. లాడ్జిలు తక్కువ, జనం ఎక్కువ. కాసేపు కిందికి నడిస్తే దేబోచే వస్తుంది. చెట్ల మధ్య ఊరు, గాలి తక్కువ, గదులు నయం.

డింగ్‌బోచేనా, ఫెరిచేనా అంటే ఎండ కోసం డింగ్‌బోచే. ఫెరిచేలో గాలి కోసేస్తుంది, కానీ 1973 నుంచి హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ సేవలు అందిస్తున్నది అక్కడే. సీజన్‌లో డాక్టర్లుంటారు, ఎత్తు వల్ల వచ్చే జబ్బుల గురించి ఉచితంగా వివరిస్తారు. తలనొప్పిని దాచిపెట్టి నడిచేవాళ్లు అది వినాలి. లక్షణాలు ముదిరితే దిగడమే మందు.

లోబుచేలో మాకు చేదు అనుభవం ఎదురైంది. ముందే చెప్పి ఉంచిన గదిని లాడ్జివాళ్లు పెద్ద బృందానికి ఇచ్చేసి, మమ్మల్ని భోజనాల హాల్లో బెంచీల మీద పడుకోమన్నారు. యాక్ పేడ పిడకలతో మండే పొయ్యి పక్కన చోటు దొరికింది గనక చలి ఆగింది. రద్దీ నెలల్లో మీ గైడు ఉదయాన్నే ఫోన్ చేసి గది ఖాయం చేసుకోవాలి. గోరక్ షెప్‌లో (5,164 మీటర్లు) ప్లైవుడ్ గోడలు, గడ్డకట్టిన నీళ్లు, సరిపడని నిద్ర. ఒక్క రాత్రికి మించి ఉండొద్దు.

బేస్ క్యాంప్‌లో నిలబడితే ఎవరెస్ట్ శిఖరం కనబడదు, ఈ సంగతి చాలా బ్రోచర్లు రాయవు. శిఖరం చూడాలంటే గోరక్ షెప్ పక్కనే 5,500 మీటర్లు దాటిన కాలా పత్థర్ గుట్ట ఎక్కాలి. ఒక్క దానికే ఓపిక మిగిలితే కాలా పత్థర్‌ని ఎంచుకోండి.

గైడుకీ పోర్టర్‌కీ పెట్టే ఖర్చులో బేరం వద్దు. ఒక పోర్టర్ ఇద్దరి సామాను మోస్తాడు, 30 కిలోలు దాటకూడదు. మీ సంచి 12 కిలోల్లోపు ఉంచండి. అతనికి బూట్లు, వెచ్చని కోటు, బీమా ఉన్నాయా అని ఏజెన్సీని నిలదీసి అడగండి. మీ బీమా కూడా 6,000 మీటర్ల దాకా, హెలికాప్టర్ తరలింపుతో సహా ఉండాలి.

ఇన్ని రోజుల సెలవు దొరకకపోతే ఆశ వదులుకోకండి. నామ్చే, ఖుమ్‌జుంగ్, తెంగ్‌బోచే చూసి వెనక్కి వస్తే వారం పైచిలుకులో అయిపోతుంది. ఎవరెస్ట్, లోత్సే, అమా దబ్లామ్ మూడూ ఆ దారిలోనే కనిపిస్తాయి.