లీనియర్ ఆల్జీబ్రా తొలి కోర్సు: చాలా ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

విశ్వవిద్యాలయంలో లీనియర్ ఆల్జీబ్రా (రేఖీయ సమీకరణాలు, సదిశలు, మాత్రికల గణితం) మొదటి కోర్సు చదివి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నా పని అంతా కొలతల పట్టికలతోనూ వాటికి సరిపోయే గణిత నమూనాలతోనూ సాగింది కనుక, ఆ కోర్సులో నేర్చుకున్నవాటిలో ఏవి నిత్యం అక్కరకు వచ్చాయో, ఏవి పరీక్షతోనే ఆగిపోయాయో ఇప్పుడు చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెబుతాను. డిగ్రీ స్థాయిలో చదివిన గణిత కోర్సులన్నిటిలో ఇంత తరచుగా పనికివచ్చినది మరొకటి లేదు. అయితే దాని అసలు విలువ రెండవ సగంలో ఉంది. నేను చదివిన పాఠ్యప్రణాళిక మాత్రం సమయంలో పెద్ద వాటాను మొదటి సగానికే ఇచ్చింది.

మొదటి వారాలు రేఖీయ సమీకరణాలను సాధించడంతో గడుస్తాయి. ఒక అడ్డువరుసకు తగిన గుణిజాన్ని మరొక అడ్డువరుస నుంచి తీసివేస్తూ సంఖ్యల పట్టిక అయిన మాత్రికను ఎచిలాన్ రూపానికి (ఎడమవైపు సున్నాలు మెట్లుమెట్లుగా పెరిగే రూపానికి) తేవడం, అంటే గాస్ నిర్మూలన పద్ధతి, అక్కడి ప్రధాన పాఠం. చూడటానికి ఇది ఓపికగా చేసే అంకగణితమే. కానీ విలోమ మాత్రిక కనుక్కోవడం, ర్యాంక్ (స్వతంత్రమైన అడ్డువరుసల సంఖ్య) తెలుసుకోవడం, సదిశలు స్వతంత్రమో కాదో, అంటే ఏదీ మిగిలినవాటి కలయికగా రాకుండా ఉందో లేదో తేల్చడం, నల్ స్పేస్‌కు (మాత్రిక సున్నాగా మార్చే సదిశల సమితికి) ఆధారం, అంటే మిగిలినవన్నీ నిర్మించడానికి సరిపోయే కనీస సదిశలు రాయడం, ఇవన్నీ చివరికి ఈ ఒక్క ప్రక్రియతోనే జరుగుతాయి. ఈ సంగతి మొదటి రోజే చెబితే విద్యార్థి ప్రతి అధ్యాయాన్నీ ఒక కొత్త పద్ధతిగా కంఠస్థం చేయనవసరం ఉండదు.

ఆ తర్వాత కోర్సు స్వభావమే మారిపోతుంది. సదిశ అంటే అప్పటిదాకా సంఖ్యల వరుస; ఇక్కడి నుంచి కూడిక, సంఖ్యతో గుణకారం గురించిన కొన్ని నియమాలను పాటించే ఏ వస్తువైనా సదిశే. ఈ నిర్వచనాన్ని దాదాపు నేటి రూపంలో ఇటలీ గణితవేత్త పేయానో 1888లో ఇచ్చాడు. చాలామంది విద్యార్థులు తడబడేది ఈ మలుపులోనే, అయితే నేను చూసినంతవరకు అందుకు కారణం అమూర్తత కాదు, తగిన ఉదాహరణలు లేకపోవడం. నియమాలన్నీ బోర్డు మీద రాసి, మళ్లీ సంఖ్యల వరుసలనే ఉదాహరణగా చూపితే, ఇంత సాధారణీకరణ ఎందుకో ఎవరికీ అర్థం కాదు. రెండవ ఘాతానికి మించని బహుపదులను తీసుకుని, 1, ఎక్స్, ఎక్స్ వర్గం అనే మూడింటిని ఆధారంగా ఎంచుకుని, అవకలనం అనే క్రియను మూడు అడ్డువరుసల మాత్రికగా రాయమంటే విషయం వెంటనే తేటపడుతుంది. ఆ మాత్రికలో 1, 2 అనే రెండు అంకెలు తప్ప మిగిలినవన్నీ సున్నాలు. దాని ర్యాంక్ 2, నల్ స్పేస్ పరిమాణం 1, రెండూ కలిపితే 3: ర్యాంక్, శూన్యత సిద్ధాంతం చెప్పేది ఇదే. ఆ నల్ స్పేస్‌లో ఉన్నవి స్థిరాంకాలు. అనిశ్చిత సమాకలనం చివర స్థిరాంకాన్ని కలపడానికీ, సమీకరణాల ఒక సాధనకు సమఘాత వ్యవస్థ (కుడివైపు అన్నీ సున్నాలైన సమీకరణాలు) సాధనలన్నిటినీ కలిపి సాధారణ సాధన రాయడానికీ, రేఖీయ అవకలన సమీకరణాలలో అలాగే చేయడానికీ కారణం ఒక్కటేనని తెలిసిన రోజున, అప్పటివరకు విడివిడిగా చదివిన మూడు పాఠాలు ఒకే పాఠం అయ్యాయి. ఆ కోర్సు నాకు ఇచ్చినవాటిలో ఇంతకంటే విలువైనది లేదు.

ర్యాంక్ అనే భావన వృత్తిలో ఎంత పనిచేస్తుందో తరగతిలో ఎవరూ చెప్పలేదు. పట్టికలో ఒక నిలువువరుస మిగిలిన రెండింటి మొత్తమైతే, ఆ పట్టిక నుంచి ఆ మూడు నిలువువరుసల గుణకాలను ఏకైకంగా నిర్ణయించడం అసాధ్యం. సాఫ్ట్‌వేర్ ఏదో ఒక జవాబు ఇచ్చినా, దానితో సమానంగా సరిపోయే జవాబులు అనంతంగా ఉంటాయి. ఉప మొత్తాలనూ పూర్తి మొత్తాన్నీ పక్కపక్కనే పెట్టే పట్టికలు నా దగ్గరకు తరచుగా వస్తాయి. వాటిని చూడగానే సమస్య ఎక్కడుందో చెప్పగలగడం ఆ కోర్సు పుణ్యమే.

నిర్ధారకాల (చతురస్ర మాత్రిక నుంచి లెక్కించే ఒక్కో సంఖ్య) విషయంలో మాత్రం నాకు గట్టి ఫిర్యాదే ఉంది. చరిత్రలో నిర్ధారకాలు మాత్రికల కంటే ముందు వచ్చాయి: నిర్ధారకాలతో సమీకరణాలను సాధించే క్రామర్ సూత్రం 1750 నాటిది, మాత్రికల బీజగణితంపై గణితవేత్త కేలీ పత్రం 1858 నాటిది. పాఠ్యక్రమంలో నిర్ధారకాలకు దక్కే పెద్దపీటలో ఈ పాత క్రమం ఇంకా కనిపిస్తుంది. నేను చదివిన కోర్సులో నాలుగు అడ్డువరుసల నిర్ధారకాలను చేతితో విస్తరించడానికీ, క్రామర్ సూత్రంతో సమీకరణాలు సాధించడానికీ వెచ్చించిన కాలం చాలా ఎక్కువ. 20 అడ్డువరుసల నిర్ధారకాన్ని నిర్వచనం ప్రకారం పూర్తిగా విస్తరిస్తే వచ్చే పదాల సంఖ్య 20 ఫ్యాక్టోరియల్, అంటే సుమారు 24 పక్కన 17 సున్నాలు. అదే మాత్రికను నిర్మూలన పద్ధతితో తగ్గించడానికి సుమారు 2,700 గుణకారాలు చాలు. ఈ పోలికను తరగతిలో చూపి, నిర్ధారకాన్ని మాత్రిక వల్ల ఘనపరిమాణం ఎన్ని రెట్లు అవుతుందో చెప్పే సంఖ్యగా వివరించి ముందుకు సాగితే సరిపోయేది.

అంతకంటే హాని కలిగించేది, నిర్ధారకం సున్నాకు దగ్గరగా ఉంటే మాత్రిక ప్రమాదకరమనే నమ్మకం విద్యార్థుల్లో మిగిలిపోవడం. 20 అడ్డువరుసల కర్ణ మాత్రికలో (కర్ణం మీద తప్ప అంతటా సున్నాలే ఉన్నదానిలో) కర్ణం మీద అన్నీ 0.1 అయితే నిర్ధారకం దశాంశ బిందువు తర్వాత ఇరవయ్యో స్థానంలో 1. అయినా అంతకంటే భద్రమైన మాత్రిక ఉండదు. నిజమైన ప్రమాదం ఇలా ఉంటుంది: రెండు తెలియని రాశుల మొత్తం 2, మొదటిదానికి రెండవదానిని 1.0001 రెట్లు చేసి కలిపితే 2. ఈ సమీకరణాల సాధన 2, 0. రెండవ సమీకరణంలో కుడివైపు 2 బదులు 2.0001 ఉంటే సాధన 1, 1 అవుతుంది. కొలతలో పదివేలవ వంతు తేడా జవాబును పూర్తిగా మార్చేసింది. ఇలా చిన్న తేడా జవాబును ఎంత మార్చగలదో కొలిచే కండిషన్ నంబర్ అనే ఈ భావనకు తొలి కోర్సులో ఒక్క గంట కేటాయించినా, తర్వాత కంప్యూటర్ ఇచ్చే జవాబులను విద్యార్థి కళ్లు మూసుకుని నమ్మడు.

ఐగెన్ విలువల, అంటే మాత్రిక కొన్ని ప్రత్యేక దిశల్లోని సదిశలను ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్యల అధ్యాయం బాగానే సాగింది. మొదటి అడ్డువరుసలో 2, 1, రెండవ అడ్డువరుసలో 1, 2 ఉన్న మాత్రికకు ఐగెన్ విలువలు 3, 1. వాటి సదిశల దిశలో చూస్తే ఆ మాత్రిక కేవలం సాగదీస్తుంది, అంతే. కనుక పదవ ఘాతాన్ని కనుక్కోవడానికి తొమ్మిది గుణకారాలు అక్కర్లేదు. 3 పదవ ఘాతం 59,049 అని తెలిస్తే చాలు, కర్ణం మీద 29,525, మిగిలిన రెండు చోట్ల 29,524 అని నేరుగా రాయవచ్చు. కాలక్రమంలో ఇలాంటి మాత్రిక ప్రకారం మారే వ్యవస్థ చివరికి స్థిరపడుతుందా, పెరిగిపోతుందా అనే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

కోర్సు చివర హడావిడిగా ముగించిన లంబ విక్షేపం, కనిష్ఠ వర్గాల పద్ధతి (కొలతలకూ రేఖకూ మధ్య తేడాల వర్గాల మొత్తాన్ని కనిష్ఠం చేసేది) నేను ఇప్పటికీ దాదాపు ప్రతి వారం వాడుతున్నాను. 1805లో ఫ్రెంచ్ గణితవేత్త లెజాండ్ర్ ప్రచురించిన ఈ పద్ధతిని కలన గణితంతో కాక జ్యామితితో నేర్పడం లీనియర్ ఆల్జీబ్రా చేసే గొప్ప మేలు. సున్నా, ఒకటి, రెండు అనే స్థానాలలో కొలతలు వరుసగా 1, 1, 4 వచ్చాయనుకుందాం. ఈ మూడు బిందువులూ ఒకే రేఖ మీద లేవు. ఉత్తమ రేఖ 0.5 దగ్గర మొదలై ప్రతి మెట్టుకూ 1.5 పెరుగుతుంది, మిగిలిన తేడాలు 0.5, మైనస్ 1, 0.5. ఈ తేడాల సదిశ అన్నీ ఒకట్లే ఉన్న సదిశకూ, సున్నా, ఒకటి, రెండు అనే సదిశకూ లంబంగా ఉంటుంది. ఎవరైనా ఒక నిమిషంలో సరిచూసుకోవచ్చు. నమూనా వివరించలేని భాగం నమూనాకు లంబంగా ఉండాలన్న ఈ ఒక్క చిత్రం మనసులో ఉంటే గణాంకశాస్త్రంలోని రిగ్రెషన్ పాఠం సగం ముందే చదివినట్లే.

కోర్సును ఎంచుకునే అవకాశం ఉన్నవారు ఉపపత్తులకు (నిరూపణలకు) చోటు ఉన్న రకాన్నే ఎంచుకోవాలని నా సలహా. లెక్కలు మాత్రమే నేర్పే రకం తేలికగా గడుస్తుంది, కానీ అందులో నేర్పే పనులన్నిటినీ కంప్యూటర్ క్షణంలో చేసేస్తుంది. ముందస్తుగా కలన గణితం పెద్దగా అక్కర్లేదు. ఓపికగా నిర్వచనాలు చదివే అలవాటు కావాలి.

నేను చదివిన కోర్సులో సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్ (మాత్రికను మూడు సరళమైన మాత్రికల లబ్ధంగా విడదీయడం) అసలు లేదు. చతురస్రం కాని మాత్రికలకు కూడా వర్తించేది, ర్యాంక్‌నూ కండిషన్ నంబర్‌నూ ఒకేచోట చూపించేది అదే కనుక, ఆ పాఠాన్ని తర్వాత సొంతంగా చదువుకోవలసి వచ్చింది. కోర్సులో చేరేముందు పాఠ్యప్రణాళిక చివరి రెండు వారాలలో ఆ పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే, సెలవుల్లోనైనా దాన్ని చదివిన తర్వాతే కోర్సు పూర్తయిందని భావించండి.