యూబ్లాక్ ఆరిజిన్: ఎర్ర గళ్ల పట్టికతో నా అనుభవం

యూబ్లాక్ ఆరిజిన్ అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, అంటే ఎక్స్‌టెన్షన్. ప్రకటనలు ఆపుతుందా అంటే ఆపుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోను. 2019 నుంచి నా ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ ఉంది. మొదటి రెండేళ్లూ పెట్టి వదిలేశాను, మళ్లీ దాని మొహం చూసిందే లేదు. నేను చెప్పాలనుకున్నది ఆ తరవాత నా కంటబడ్డ గళ్ల పట్టిక గురించి.

సెట్టింగుల్లో 'అడ్వాన్స్‌డ్ యూజర్' అని ఒక చిన్న గడి ఉంటుంది. అక్కడ టిక్ పెడితే, ఐకాన్ నొక్కినప్పుడు వచ్చే పెట్టెలో, మనం తెరిచిన పేజీ ఎవరెవరితో మాట్లాడుతోందో ఆ పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి. మొదట కనబడకపోతే 'మరిన్ని' అన్నచోట ఇంకోసారి నొక్కాలి. ఒక్కో పేరు పక్కన ఎడమ గడి అన్ని సైట్లకీ, కుడి గడి ఈ ఒక్క సైటుకీ. గడిలో ఒక ప్లస్ ఉంటే ఆ పేరుకి వెళ్లే అభ్యర్థనల్లో పదిలోపు రానిచ్చిందని, రెండుంటే వందలోపు, మూడుంటే వందకి తక్కువ కాదని. ఆపినవాటికి మైనస్‌లతో అదే లెక్క.

ఆ పట్టిక నేను మొదటిసారి చూసింది రాహుకాలం కోసం తెరిచిన ఒక పంచాంగం పేజీలో. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, మొత్తం కలిపితే నాలుగు వరసల సమాచారం. దానికి కింద ముప్పై పైచిలుకు పేర్లు! నేను ఎప్పుడూ వినని కంపెనీలు, అర్థం కాని అక్షరాల చిరునామాలు. నేను ఇంట్లో కూర్చుని రాహుకాలం చూసుకుంటే వీళ్లందరికీ ఏం పని? ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆ ఎక్స్‌టెన్షన్ మీద ఇష్టం పుట్టింది కూడా ఆ రోజే. కుకీల గురించి, ట్రాకింగ్ గురించి వందసార్లు చదివి ఉంటాను. పేర్లతో సహా కళ్లముందు పెట్టింది ఇదొక్కటే.

వెంటనే థర్డ్ పార్టీ (అంటే ఆ సైటువి కాని, బయటివాళ్ల) స్క్రిప్టులకీ, ఫ్రేములకీ అన్ని సైట్ల మీదా ఎరుపు పెట్టేశాను. స్క్రిప్టు అంటే పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాం, ఫ్రేము అంటే పేజీ లోపల తెరుచుకునే ఇంకో పేజీ, ఎరుపు అంటే ఆపేయమని. దీన్ని మీడియం మోడ్ అంటారు. సైటు సొంత స్క్రిప్టులు నడుస్తాయి, బయటివాళ్లవి ఆగిపోతాయి. ఎక్కడైనా పేజీ చెడితే కుడివైపు గడిని బూడిదరంగు చేస్తే సరిపోతుంది. బూడిదరంగు అంటే పూర్తిగా వదిలేసినట్టు కాదు, ఏమేం ఆపాలో రాసి ఉండే మామూలు ఫిల్టర్ జాబితాల కాపలా ఇంకా ఉంటుంది. నచ్చితే తాళం గుర్తు నొక్కి ఖాయం చేసుకోవచ్చు, లేకపోతే రబ్బరు గుర్తుతో చెరిపేయొచ్చు. పాత ల్యాప్‌టాప్‌లో కూడా వార్తల సైట్లు చిటికెలో తెరుచుకునేవి. కనబడ్డవాళ్లందరికీ పెట్టుకోమని చెప్పాను.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. కారణం ఒక రాత్రి.

మా అన్నయ్య కూతురు అడ్మిషన్ దరఖాస్తు నింపడానికి మా ఇంటికి వచ్చింది. ఆ రోజే చివరి తేదీ. రాత్రి పదకొండుకి ఫారం పూర్తయింది, ఫొటో, సంతకం ఎక్కించాం, ఫీజు దగ్గరికి వచ్చాం. ఆ సైటుకి నేను ముందే బూడిదరంగు పెట్టి ఉంచాను, కాబట్టి దిగులు లేదనుకున్నాను. పేమెంట్ పేజీ తెరుచుకుంది, కార్డు నంబరు కొట్టాం. తరవాత తెర మధ్యలో ఒక తెల్లటి పెట్టె వచ్చి అలాగే నిలబడిపోయింది.

"బాబాయ్, ఓటీపీ వచ్చింది. ఎక్కడ కొట్టాలి?" అంది.

కొట్టడానికి చోటే లేదు. బ్యాంకు సర్వర్ నెమ్మదిగా ఉందనుకుని కూర్చున్నాం. గడువు అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఓటీపీలు మాత్రం ఫోన్లో టంచనుగా దిగుతున్నాయి. ఆ పిల్ల కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి. నేను నెట్ మార్చాను, కార్డు మార్చాను. ఎక్స్‌టెన్షన్ మీద నాకు అనుమానమే రాలేదు, ఎందుకంటే ఈ సైటుకి వదిలేశాను కదా అని నా ధీమా. పన్నెండు దాటాక అన్నయ్య తన ఫోన్లోంచి కట్టాడు, ఐదు వందలు ఆలస్య రుసుముతో కలిపి.

మర్నాడు కరెంటు బిల్లు కడుతూ, యూబ్లాక్ లాగర్ (ఏది రానిచ్చిందో, ఏది ఆపిందో చూపించే చిట్టా) తెరిచి పెట్టుకుని చూస్తే అసలు విషయం తెలిసింది. ఫీజు కట్టే మీట నొక్కగానే మనం దరఖాస్తు సైటు దాటి డబ్బు చెల్లింపు నడిపే పేమెంట్ గేట్‌వే పేజీలోకి వెళ్లిపోతాం. అది వేరే సైటు. నేను పెట్టిన బూడిదరంగు అక్కడ చెల్లదు. ఆ పేజీలో బ్యాంకు వాళ్ల ఓటీపీ పెట్టె ఒక థర్డ్ పార్టీ ఫ్రేము. దాని మీద నా ఎరుపు. పెద్ద పవర్ బటన్ నొక్కి ఆపేసినా ఇదే జరిగేది, అదీ సైటు సైటుకీ విడివిడిగానే పనిచేస్తుంది. తప్పు ఎక్స్‌టెన్షన్‌ది కాదు, నేను చెప్పినట్టే చేసింది. కానీ ఆ పిల్ల పడ్డ ఆందోళనకి అది సమాధానం కాదు.

అప్పటినుంచి డబ్బులు కట్టడానికి ఫైర్‌ఫాక్స్‌లోనే విడిగా ఒక ప్రొఫైల్ పెట్టుకున్నాను. అక్కడ యూబ్లాక్ ఉంది, గళ్లలో ఎరుపు లేదు.

ఈ ఎక్స్‌టెన్షన్‌ని నమ్మడానికి నాకున్న కారణం దాన్ని రాసిన రేమండ్ హిల్. విరాళాలు తీసుకోడు, ఇవ్వాలనుకుంటే ఫిల్టర్ జాబితాలు చూసుకునేవాళ్లని తలుచుకోమంటాడు. మన ప్రతి పేజీనీ చదవగల అనుమతి ఇస్తున్నాం కాబట్టి మనిషెవరో చూసుకోవాల్సిందే. 2020లో నానో డిఫెండర్ అనే ఎక్స్‌టెన్షన్ చేతులు మారాక వాడేవాళ్ల సమాచారాన్ని బయటికి పంపడం మొదలుపెట్టింది. ఆ కోడ్ విప్పి చూపించినవాళ్లలో ఈయనా ఉన్నాడు. పేరు చివర 'ఆరిజిన్' ఉందో లేదో కూడా చూసుకోండి. ఉత్త 'యూబ్లాక్' 2015లోనే వేరే చేతుల్లోకి వెళ్లింది.

క్రోమ్ వాడేవాళ్లకి ఇప్పుడు ఈ పట్టిక దొరకదు. ఎక్స్‌టెన్షన్లు ఏం చేయొచ్చో చెప్పే పాత పద్ధతి పేరు మేనిఫెస్ట్ వీ2, ఆ పద్ధతిలో రాసినవాటిని గూగుల్ 2024 నుంచి మెల్లగా ఆపుతూ వచ్చి, 2025లో పూర్తిగా తీసేసింది. దాని బదులు వచ్చిన వీ3 పద్ధతిలో ఎక్స్‌టెన్షన్ ముందే నియమాల జాబితా ఇస్తుంది, ఆపడం బ్రౌజరే చేస్తుంది. దానికోసం హిల్ రాసిన యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ప్రకటనలు బాగానే ఆపుతుంది, కానీ గళ్లు లేవు. నాకు గళ్లే కావాలి కాబట్టి ఫైర్‌ఫాక్స్ వదలను. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో కూడా పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ దొరకడం నాకు పెద్ద ఊరట. నాన్న ఫోన్లో అదే పెట్టాను, మామూలు సెట్టింగులతో. వార్తల పేజీ కదలకుండా నిలబడుతోందని సంతోషించారు. అయితే ఆయన ఈ మధ్య ఎక్కువగా యాప్‌లోనే చదువుతున్నారు, అక్కడ దీని కాపలా ఉండదు.

ఎరుపు గళ్లు మీరూ పెట్టుకోవాలా అంటే, నేను ఒక్కడినే వాడే ల్యాప్‌టాప్ కాబట్టి, ఏదైనా ఆగితే ఐదు నిమిషాలు కూర్చుని వెతికే ఓపిక ఉంది కాబట్టి నాకు కుదిరింది. ఇంట్లో నలుగురూ వాడే కంప్యూటర్లో పెట్టమని చెప్పలేను. అన్నయ్య కూతురి ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తప్పనిసరి అన్నారు, అందుకని లైట్ పెట్టాను. ఆ పంచాంగం పేజీ వెనక ఎవరున్నారో మాత్రం నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాను. చాలాసేపు ఆ పేర్లు చదువుతూ కూర్చుంది.